బొమ్మ అమ్మేముందు పద్దు రాయండి

చిత్రకారుడు పోయిన ఇంట్లో కర్మకాండలు ముగిసి చుట్టాలు ఊళ్ళకు బయల్దేరే వేళకి కొన్ని మాటలు మొదలవుతాయి. "అన్నయ్య గుర్తుగా ఆ గోదావరి బొమ్మ నేను పట్టుకెళ్తాను వదినా" అంటుంది ఆడపడుచు. "ఆ గది ఖాళీ చేస్తే అద్దెకిచ్చుకోవచ్చు కదమ్మా" అంటాడు కొడుకు. మరునెలలో శిష్యుడొకడు వచ్చి, గురువుగారి పేరు మీద ప్రదర్శన పెడదామని ఇరవై కాన్వాసులు వ్యానెక్కించుకుపోతాడు. రసీదు అడగడానికి మొహమాటం. ఆ తర్వాత కొనేవాడొకడు ఇంటికే వచ్చి, మంచివన్నీ ఏరి పక్కన పెట్టించి, అన్నిటికీ కలిపి ఒక అంకె చెబుతాడు. ఆ అంకె ఆసుపత్రి బాకీకి సరిగ్గా సరిపోయేలా ఉంటుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయన ఎన్ని బొమ్మలు గీశాడో, అవి ఎక్కడున్నాయో చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఉండరు.

వీళ్ళలో దుర్మార్గుడెవరూ లేడు. ఆడపడుచుకు అన్నయ్య మీద ప్రేమే. శిష్యుడిది గురుభక్తే. కొన్నవాడు కూడా తన వ్యాపారం తాను చేసుకున్నాడు. లోటల్లా ఒకటే: ఎవరూ ఏదీ రాసిపెట్టలేదు.

ఈ అధ్యాయం ఆ ఇంటి ఇల్లాలి కోసం. దుఃఖం గురించి ఈ పుస్తకంలో ముందే మాట్లాడుకున్నాం కాబట్టి ఇక్కడ పని గురించే చెబుతాను. మొదటి ఏడాది ఏదీ అమ్మకండి, ఏదీ ఊరికే ఇవ్వకండి, అన్నిటినీ రాయండి. బొమ్మలను ఎవరైనా దాచగలరు. వాటి వెనక సంగతి తెలిసింది మాత్రం మీకే. ఏది ఏ ఊళ్ళో గీశాడు, ఎవరిని కూర్చోబెట్టి గీశాడు, ఏది సగంలో వదిలేశాడు, ఏది తనకే నచ్చక గోడవైపు తిప్పిపెట్టాడు, ఇదంతా కాగితం మీదికి ఎక్కకపోతే మీతోనే పోతుంది. ఆ సమాచారం లేని బొమ్మ రేపు అసలుదో నకలుదో తేల్చలేని బొమ్మ అవుతుంది.

ఈ విషయంలో చదివి తీరాల్సిన జీవితం ఒకటుంది. ఆమె పేరు యొహన్నా బాంగర్. అందరూ యో అని పిలిచేవారు. నిజానికి ఆమె చిత్రకారుడి భార్య కాదు, చిత్రకారుడి తమ్ముడి భార్య. విన్సెంట్ వాన్ గో 1890 జులై 29న చనిపోయాడు. బొమ్మలన్నీ తమ్ముడు థియోకు వచ్చాయి. ఆర్నెల్లు నిండకుండానే 1891 జనవరి 25న థియో కూడా పోయాడు. యోకు అప్పటికి 28 ఏళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. చంకలో మొదటి పుట్టినరోజు కూడా జరగని కొడుకు. పారిస్‌లోని ఫ్లాటు నిండా, మంచాల కింద కూడా, కొనేవాళ్ళు లేని బొమ్మలు. థియో బొమ్మల వ్యాపారంలో ఉన్నవాడు, అంతటివాడే అన్న బొమ్మలను అమ్మలేకపోయాడు. యో చదివింది ఇంగ్లీషు, చేసింది టీచరు ఉద్యోగం.

ఇక్కడ చాలామంది ఆమె త్యాగం గురించి, నమ్మకం గురించి రాస్తారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఒక జాబితా. ఆ రోజుల్లోనే ఆమె అన్న ఆంద్రీస్ కూర్చుని వాన్ గో బొమ్మలకు నంబర్లు వేసి పట్టీ రాశాడు. అందులో 364 నంబర్లున్నాయి. చాలా క్లుప్తమైన పట్టీ, పక్కన వివరాలు కూడా పెద్దగా లేవు. అయినా నూరేళ్ళు దాటాక కూడా ఏ బొమ్మ ఆ ఇంటి నుంచి వచ్చిందో తేల్చడానికి పరిశోధకులు వెతికే మొదటి కాగితాల్లో అదొకటి. చేసినవాడు పండితుడు కాదు, థియో బావమరిది. మీ తమ్ముడో, అక్క కూతురో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే మీ ఇంట్లోనూ ఈ పని జరిగిపోతుంది.

రెండోది, ఇల్లు గడవడం. యో బొమ్మలతో హాలెండ్‌కు తిరిగొచ్చి, ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర్లోని బుస్సుమ్ అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని, భోజనంతో సహా గదులు అద్దెకిచ్చే వసతిగృహం నడిపింది. మధ్యలో అనువాదాలు చేసింది. ఆ ఇంటి గోడల నిండా బొమ్మలు వేలాడదీసింది. దిగినవాళ్ళు, వచ్చిపోయేవాళ్ళు అందరూ చూసేవారు. ఈ ఏర్పాటులో తెలివి ఏమిటంటే, పూట గడవడానికి బొమ్మ అమ్మాల్సిన అవసరం ఆమెకు తప్పింది. అవసరంలో ఉన్నామని తెలిస్తే కొనేవాడి చెయ్యి పైనుంటుంది. మీకు పింఛనుంటే సరే. లేకపోతే ఆ గదిని అద్దెకివ్వడం కన్నా, ఇంట్లో మరో గదిని అద్దెకిచ్చి బొమ్మల గదిని కాపాడుకోవడం మేలు. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు.

మూడోది పద్దు పుస్తకం. థియో బతికుండగా ఇంటి ఖర్చులు రాసుకున్న పుస్తకమే అది. అదే పుస్తకంలో ఆమె బొమ్మల అమ్మకాలు కూడా రాస్తూ పోయింది. ఏ బొమ్మ, ఎవరికి, ఎంతకు. 1891 నుంచి 1925లో ఆమె చనిపోయేదాకా 190కి పైగా తైలవర్ణ చిత్రాలు, 50కి పైగా కాగితం మీది బొమ్మలు అమ్మింది. సగటు చూస్తే ఏడాదికి తైలవర్ణ చిత్రాలు ఐదో ఆరో. అంత నిదానంగా అమ్మినా, మొదట్లో తక్కువ ధరలకే ఇచ్చినా, ధర పెరిగే కొద్దీ ఆమె చేతిలో ఇంకా సరుకుంది. అన్నీ ఒకేసారి ఇచ్చేసి ఉంటే ఆ పెరుగుదల అంతా కొన్నవాళ్ళ ఇళ్ళల్లో జరిగేది. ఆ పుస్తకాన్ని 2002లో ప్రత్యేకంగా అచ్చువేశారు. ఇంటి ఖర్చుల పుస్తకం కళాచరిత్రకు ఆధారమైంది.

1905 ఎండాకాలంలో ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో హాళ్ళు తనే అద్దెకు తీసుకుని 480కి పైగా బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. అప్పటికి విన్సెంట్ పోయి పదిహేనేళ్ళు. తొందరపడలేదని గమనించండి. ఆమె పద్ధతి ఇంకొకటి చూడండి. ప్రదర్శనల్లో అమ్మే బొమ్మల పక్కనే అమ్మని గొప్ప బొమ్మలను కూడా పెట్టేది. చూసేవాడి కన్ను గొప్పవాటి దగ్గర ఆగుతుంది, అవి దొరకవని తెలిశాక పక్కనున్న వాటి మీద ఆశ పుడుతుంది. చీరల కొట్లో గాజు అద్దం వెనక పెట్టిన పట్టుచీర చేసే పని లాంటిదే ఇది. వ్యాపారం నేర్చుకోని టీచరమ్మ దీన్ని తనంతట తాను కనిపెట్టుకుంది.

విమర్శకులు ఆమెను మొదట లెక్కచేయలేదు. యాన్ వెట్ అనే విమర్శకుడికి వాన్ గో బొమ్మలు మొదట్లో నచ్చలేదు. యో ఆయనతో వాదన పెట్టుకోలేదు. విన్సెంట్ థియోకు రాసిన ఉత్తరాలు తీసుకెళ్ళి చదవమని ఇచ్చింది. ఆయన మెల్లగా దారికొచ్చాడు. మీ ఆయన ఉత్తరాలు, డైరీలు, రంగులు కొన్న బిల్లులు, పాత ఆహ్వానపత్రాలు, పేపర్లో వచ్చిన సమీక్షలు, అన్నీ బొమ్మలతో సమానంగా దాచాలని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఉత్తరాల్లో ఇంట్లోవాళ్ళకు ఇబ్బంది కలిగించే సంగతులుంటాయి, ఉండక మానవు. బీరువాలో పెట్టి తాళం వేయండి. తగలబెట్టకండి. యో కూడా ఆ ఉత్తరాలను 1914 దాకా సంపూర్ణంగా అచ్చుకివ్వలేదు. బొమ్మలకు పేరు రాకముందే ఉత్తరాలు బయటపెట్టడం విన్సెంట్‌కు న్యాయం కాదని ఆమె అభిప్రాయం. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఆ లెక్క నాకు చాలా నచ్చుతుంది.

చివరి సంగతి 1924ది. లండన్‌లోని నేషనల్ గ్యాలరీ పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఒకటి అడిగింది. మొదట ఇవ్వనంది. రోజూ చూసుకునే బొమ్మ అది. తర్వాత ఒప్పుకుంది. నలుగురూ చూసేచోట ఉండటం విన్సెంట్‌కు మంచిదనుకుంది. మరుసటేడు సెప్టెంబరులో ఆమె పోయింది. మిగిలిన బొమ్మలను కొడుకు విడగొట్టకుండా కాపాడాడు. 1962లో అవి వాన్ గో పేరిట ఏర్పడ్డ ఫౌండేషన్‌కు చేరాయి, 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం తెరుచుకుంది. 200 తైలవర్ణ చిత్రాలు, దాదాపు 500 రేఖాచిత్రాలు, ఉత్తరాలు ఇప్పుడక్కడే ఉన్నాయి.

ఇక మీ పుస్తకానికి వద్దాం. రూళ్ళున్న గట్టి అట్ట పుస్తకం ఒకటి చాలు. కంప్యూటర్లో చేస్తామని పిల్లలంటే చేయనివ్వండి, కానీ చేతిరాత పుస్తకం తప్పకుండా ఉండాలి. ప్రతి బొమ్మకూ ఒక నంబరు. ఆ నంబరు ఇంకే బొమ్మకూ రాకూడదు, బొమ్మ అమ్మేసినా ఆ నంబరు ఖాళీగానే ఉండాలి. నంబరు పక్కన బొమ్మ పేరు, కొలత (ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, సెంటీమీటర్లలో), దేని మీద దేనితో గీశాడు, సంతకం ఎక్కడుంది, వెనక ఏమైనా రాసి ఉందా, దెబ్బతిందా, ఇప్పుడు ఎక్కడుంది. తర్వాత రెండు మూడు పంక్తులు మీకు తోచిన కబురు. ఆ కబురే అన్నిటికన్నా విలువైనది. "పక్కింటి సుబ్బమ్మగారిని చూసి గీశారు, ఆవిడకు చెప్పలేదు" అన్న ఒక్క వాక్యం రేపు ఎవరో రాయబోయే వ్యాసానికి ప్రాణం.

ఆడవాళ్ళకు తేదీలు గుర్తుండవంటారు. తేదీలు ఎవరికీ గుర్తుండవు. అద్దె ఇళ్ళు, బదిలీలు, కాన్పులు, తుఫాన్లు గుర్తుంటాయి. కాకినాడ ఇంట్లో ఉండగా, పెద్దవాడు కడుపులో ఉండగా అని రాయండి చాలు. దాన్నుంచి ఏడాది లెక్కగట్టడం ఎవరైనా చేస్తారు. ఖాయంగా తెలియనిచోట తెలిసినట్టు ఏడాది వేయకండి. 1977 అని తప్పు రాసేకంటే 1975-80 మధ్య అని రాయడం నిజాయితీ.

అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ ఇంట్లో ఈ పని ఆయన బతికుండగానే జరిగింది. స్టూడియో దాటి బయటికి వెళ్ళే ప్రతి బొమ్మకూ ఆయన పద్దు పుస్తకంలో చిన్న స్కెచ్ గీసేవాడు. పక్కన భార్య జోసఫీన్ బొమ్మ వర్ణన, రంగులు, ఎవరికి అమ్మింది, ఎంత వచ్చింది రాసేది. ఆ పుస్తకాలు ఇప్పుడు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఉన్నాయి. ఈ అధ్యాయాన్ని భర్త ఇంకా కుంచె పట్టుకుని తిరుగుతున్న ఇల్లాలు చదువుతుంటే, ఈ సాయంత్రమే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏడాది చెప్పడానికి ఆయనే ఉన్నప్పుడు మీరు ఊహించాల్సిన పని లేదు.

ఫొటోలు సెల్‌ఫోన్‌తో తీసినా సరిపోతాయి. ఎండ నేరుగా పడని వరండాలో, ఫ్లాష్ వేయకుండా, బొమ్మకు ఎదురుగా నిలబడి తీయండి. ముందు భాగం, వెనక భాగం, సంతకం దగ్గరగా. వెనక భాగం చాలామంది వదిలేస్తారు. కాన్వాసు వెనక చెక్క, పాత ప్రదర్శన చీటీలు, తుప్పుపట్టిన మేకులు, ఇవన్నీ సాక్ష్యాలే. ఫొటోలు రెండు చోట్ల దాచండి. ఒకటి వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరుంటే మంచిది.

నంబరును బొమ్మ మీద ఎలా వేయాలన్నది చాలామంది తప్పు చేసేచోటు. కాన్వాసు అయితే వెనకున్న చెక్క మీద రాయాలి, గుడ్డ మీద కాదు. కాగితమైతే వెనక మూలన మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ను ముద్ర ముందుకు తేలుతుంది, స్కెచ్ పెన్ను సిరా ఊరుతుంది. సంతకం లేని బొమ్మలు ప్రతి చిత్రకారుడి ఇంట్లోనూ ఉంటాయి. వాటి మీద ఆయన సంతకాన్ని మీరు గానీ పిల్లలు గానీ వేయకండి. ప్రేమతో వేసినా అది ఫోర్జరీయే. ఒక్కటి బయటపడితే మిగతా నిజమైన సంతకాలన్నిటి మీదా అనుమానం వస్తుంది. కావాలంటే కుటుంబం పేరుతో ఒక చిన్న ముద్ర చేయించి, ఆయన బొమ్మేనని ధ్రువీకరిస్తూ తేదీతో చీటీ రాసి ఫైల్లో పెట్టుకోండి.

బయటికి పోయిన బొమ్మల కోసం పుస్తకంలో వేరే భాగం ఉంచండి. పెళ్ళిళ్ళకు బహుమతిగా ఇచ్చినవి, స్నేహితుడి కొత్త ఇంటికి ఇచ్చినవి, బ్యాంకు వాళ్ళు కొన్నవి. మన తెలుగు చిత్రకారులకు ఇంకొక చిక్కు ఉంది. చాలామంది పత్రికలకు బొమ్మలు వేసి బతికారు. వడ్డాది పాపయ్య చందమామకు, యువకు వేసిన ముఖచిత్రాలు తెలుగునాట ఎన్ని ఇళ్ళలో గోడలెక్కాయో లెక్కలేదు. అచ్చు కాగితం లక్షల ఇళ్ళకు చేరుతుంది, అసలు బొమ్మ మాత్రం పత్రికాఫీసులోనే ఉండిపోతుంది. మీ ఆయన వేసిన పత్రికల పేర్లు, సంచికల నెలలు రాసిపెట్టండి. పాత సంచికలు తూకానికి వేసేముందు ఆయన బొమ్మలున్న పేజీలు చూసుకోండి.

ఈ ఏడాదంతా బొమ్మలు బతకాలి కాబట్టి రెండు మాటలు. వానాకాలం మన ప్రాంతంలో కాగితానికి శత్రువు. బయటి గోడకు, బాత్రూము గోడకు ఆనించి పెట్టవద్దు, నేల మీద పెట్టవద్దు, కింద చెక్క పలకలు వేయండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి చుడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. పాత నేత దుప్పటి కప్పడం నయం. న్యూస్‌పేపరు చుట్టకండి. తడిగుడ్డతో తుడవకండి. సెల్లోటేపు వేయకండి. అన్నిటికంటే ముఖ్యం, కాగితం మీది బొమ్మలను లామినేషన్ చేయించకండి. బాగుంటుందని వీధి చివర కొట్లో చేయించిన లామినేషన్ ఇక ఊడదు, ఊడదీస్తే బొమ్మ రాదు. పెద్ద కాన్వాసు చుట్టక తప్పకపోతే రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టం మీద చుట్టాలి. పెచ్చులూడుతున్న బొమ్మను మాత్రం ఎవరూ ముట్టుకోకుండా పడుకోబెట్టి, మ్యూజియంలో సంరక్షణ పని తెలిసినవాళ్ళను అడగండి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి ఇలాంటి ప్రయోగశాల ఉంది. ఊళ్ళో ఫ్రేములు కట్టే అతను రంగులు దిద్దుతానంటే దణ్ణం పెట్టి పంపేయండి.

ఇప్పుడు మనుషుల సంగతి. న్యూయార్క్ చిత్రకారుడు మార్క్ రాత్కో 1970 ఫిబ్రవరిలో పోయాడు. ఆర్నెల్లకు భార్య మెల్ కూడా పోయింది. వీలునామా అమలు చూడాల్సినవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ ఇంటికి వచ్చిపోయే స్నేహితులే. ఆయన పోయి మూడు నెలలు తిరక్కుండానే 798 బొమ్మలనూ ఒకే గ్యాలరీ చేతిలో పెట్టారు. 100 బొమ్మలు 18 లక్షల డాలర్లకు, అదీ పన్నెండేళ్ళ పాటు వడ్డీ లేని వాయిదాల్లో. మిగతా 698 బొమ్మలు 50 శాతం కమిషన్ మీద అమ్మకానికి. ఆ ముగ్గురిలో ఒకరు అదే గ్యాలరీలో పదవిలో ఉన్నవాడు. ఇరవై ఏళ్ళు దాటీదాటని కూతురు కేట్ కోర్టుకెక్కింది. 1975లో న్యాయమూర్తి ఆ ఒప్పందాలు కొట్టేసి, ముగ్గురినీ తొలగించి, 90 లక్షల డాలర్లకు పైగా కట్టమన్నాడు.

కూతురు గెలిచింది కదా అని సంతోషించేముందు, ఆ గెలుపు కోసం ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిందో ఆలోచించండి. మన ఊళ్ళో ఈ స్థాయి మోసం జరగకపోవచ్చు. జరిగేది చిన్నది, రోజూ జరిగేది. నోటిమాట మీద బొమ్మ ఇవ్వడం. గ్యాలరీ అయినా, శిష్యుడైనా, సాంస్కృతిక సంఘమైనా, బొమ్మ గుమ్మం దాటేముందు ఒక కాగితం ఉండాలి: ఏ నంబరు బొమ్మ, ఏ స్థితిలో ఇచ్చాం, ఎన్నాళ్ళకు తిరిగివ్వాలి, అమ్మితే కనీస ధర ఎంత, కమిషన్ ఎంత, డబ్బు ఎన్నాళ్ళలో ఇవ్వాలి, పాడైతే ఎవరిది బాధ్యత. అవతలివాళ్ళ సంతకం, తేదీ. "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అంటారు. "నమ్మకం ఉంది బాబూ, నాకు మతిమరుపు" అనండి. ఆ మాటకు ఎదురు చెప్పినవాడికి బొమ్మ ఇవ్వకండి.

చట్టం గురించి కొంచెం. ఆయన వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన బొమ్మలు కూడా ఆస్తే. మీకు, కొడుకులకు, కూతుళ్ళకు, ఆయన తల్లి ఉంటే ఆవిడకు సమాన వాటాలు. ఆడపడుచుకు వాటా లేదు, మరిదికీ లేదు. ప్రేమగా ఒకటివ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ పిల్లలందరికీ తెలిసి, పుస్తకంలో రాసి ఇవ్వండి. పిల్లలు బొమ్మలు పంచుకునేముందు, విడగొట్టకుండా ఒకచోట ఉంచుదామని ఒప్పందం రాసుకుంటే అన్నిటికన్నా మంచిది. వాన్ గో తల్లి, చెల్లెళ్ళు తమ వాటా వదులుకున్నారు కాబట్టే ఆ బొమ్మలు ఒక్కచోట నిలిచాయి.

కాపీరైట్ వేరే ఆస్తి. బొమ్మను అమ్మినా కాపీరైట్ అమ్మినట్టు కాదు, రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇస్తేనే అది పోతుంది. ఆయన పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళ పాటు ఆ హక్కు వారసులది. క్యాలెండరు వేసినా, పుస్తకం అట్ట మీద వేసినా, చీర మీద అచ్చువేసినా మీ అనుమతి కావాలి. అనుమతి కాగితంలో ఎన్నేళ్ళకని, ఏ దేశాలకని రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళకు, భారతదేశానికే పరిమితం చేస్తుంది. ఎవరో డబ్బిచ్చి తమ చిత్రం గీయించుకున్నా, ఉద్యోగంలో భాగంగా గీసినా లెక్క మారుతుంది, అప్పుడు వకీలును అడగండి. పది వేల రూపాయలు దాటిన ధరకు అసలు బొమ్మ మళ్ళీ అమ్ముడైనప్పుడు వారసులకు పది శాతం మించకుండా వాటా అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. అడిగేవాళ్ళు తక్కువ. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో పుస్తకంలో ఉంటేనే కదా అడగగలిగేది. అమ్మిన డబ్బు మీద పన్ను లెక్క ఉంటుంది, ఆడిటరుకు ముందే చెప్పండి.

ఏడాది దాటాక అమ్మడం మొదలుపెట్టవచ్చు. ఇక్కడ లీ క్రాస్నర్ గుర్తుకొస్తుంది. 1956 ఆగస్టులో కారు ప్రమాదంలో పోయిన చిత్రకారుడు జాక్సన్ పొలాక్ భార్య. ఆమె ధర తగ్గించి అమ్మలేదు. మరుసటేడే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఒక పెద్ద బొమ్మకు 30 వేల డాలర్లు ఇచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల దాకా కొద్దికొద్దిగానే వదిలింది. ఆమె పోయాక ఆ డబ్బుతో ఏర్పడిన ఫౌండేషన్ చిత్రకారులకు ఇప్పటికీ సాయం చేస్తోంది. మీకు తక్షణం డబ్బు కావాల్సివస్తే ఒకే వరసలో ఉన్న పది బొమ్మల్లో రెండు అమ్మండి, ఒంటరిగా నిలిచిన గొప్ప బొమ్మను అమ్మకండి. ప్రతి దశకం నుంచీ కొన్ని మంచివి చివరిదాకా పట్టుకోండి.

ఇవ్వడం కూడా పద్ధతిగా జరగాలి. దామెర్ల రామారావు 1925లో మశూచితో పోయేనాటికి 28 ఏళ్ళు నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేరిట గ్యాలరీ ఉండటానికి కారణం ఆ తర్వాత వరద వెంకటరత్నం లాంటి మిత్రులు ఆయన బడిని, బొమ్మలను వదలకుండా పట్టుకోవడమే. అమృతా షేర్‌గిల్ పోయాక భర్త, తండ్రి దగ్గరున్న బొమ్మలు ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు చేరాయి కాబట్టే ఇవాళ మనం టికెట్టు కొనుక్కుని చూడగలుగుతున్నాం. అయితే దానమివ్వడంతో బాధ్యత తీరదు. ఇచ్చేముందు ఆ సంస్థ గోదాము చూపించమని అడగండి. గోడలు చెమ్మగా ఉంటే ఎంత పెద్ద పేరున్న సంస్థకైనా ఇవ్వకండి. దానపత్రానికి మీ నంబర్ల పట్టీ, ఫొటోలు జత చేయండి. అమ్మకూడదని, ఇన్నేళ్ళకొకసారైనా ప్రదర్శనకు పెట్టాలని, కాపీరైట్ కుటుంబానిదేనని రాయించండి.

ఇంకొక్క మాట మీ గురించి. చిత్రకారుడు పి.టి.రెడ్డి గురించి మాట్లాడేటప్పుడు ఆయన భార్య యశోదారెడ్డిని మర్చిపోలేం. తెలంగాణ పల్లె యాసను కథలోకి తెచ్చిన రచయిత్రి, ఉస్మానియాలో తెలుగు ఆచార్యురాలు. 1996లో ఆయన పోయాక ఆమె మరో పదకొండేళ్ళు బతికారు. ఆమెకు తన కథలు, తన పేరు ఉన్నాయి. క్రాస్నర్ కూడా భర్త పోయాక తన బొమ్మలు తాను గీస్తూనే పోయింది. జోసఫీన్ హాపర్‌కు అంత అదృష్టం లేదు. ఆమె కూడా చిత్రకారిణే. భర్త బొమ్మలతో పాటు తనవీ విట్నీ మ్యూజియానికి రాసిచ్చింది. ఆయనవి మూడు వేలకు పైగా భద్రంగా ఉన్నాయి, ఆమెవి చాలా వాటి ఆచూకీ లేదు. మీరు కుంచె పట్టినవారైతే, ముగ్గులు, కుట్టుపని, కథలు ఏవైనా చేసినవారైతే, అదే పద్దు పుస్తకంలో రెండో సగం మీ కోసం ఉంచి, మీ పనికీ ఒకటో నంబరు నుంచి వేయడం మొదలుపెట్టండి.